పొట్లం మీద తేదీ

అవ్వ కొట్టు నుంచి బిస్కెట్లు, బ్రెడ్డు తెచ్చింది. కోడలు పొట్లాలు తిప్పి చూసింది.

"అత్తయ్యా, బిస్కెట్ల మీద రెండు తేదీలున్నాయి. 'బెస్ట్ బిఫోర్' తేదీ దాటిపోయింది."

"అయ్యో, డబ్బులు దండగేనా?"

"కాదు. ఆ తేదీ దాకా రుచి బాగుంటుందని అర్థం. దాటగానే విషం అయిపోదు. 'యూజ్ బై' తేదీకి ఇంకా నెల ఉంది. పొట్లం చిరగలేదు, చెమ్మ తగల్లేదు. పిల్లాడికి పెట్టొచ్చు. బ్రెడ్డు సంగతి వేరు. దీని 'యూజ్ బై' తేదీ నిన్నటితో అయిపోయింది. ఇది తినకూడదు."

"వాసన బాగానే ఉందే!"

"వాసన లేకపోయినా జబ్బు చేసే క్రిములు ఉండొచ్చు. ఈ తేదీ దాటిన సరుకు అమ్మకూడదు కూడా."

మీరూ తేదీ చూడండి. సాధారణంగా ముందు రోజు, తర్వాత నెల, చివర సంవత్సరం ఉంటాయి. అంకెలు మరీ చిన్నవి. వెలుతురులో పట్టుకుని చదవాలి.

అవ్వ బ్రెడ్డు తీసుకుని మళ్లీ కొట్టుకు బయల్దేరింది.