పళ్లెంలో పెరిగిన వనం

అడవి అనగానే మనస్సులో మెదిలేవి ఆకాశాన్నంటే మహావృక్షాలు, వాటి నడుమ దోబూచులాడే వెలుగునీడలు. అంతటి అడవిని బారెడు పొడవైనా లేని ఒక పళ్లెంలో చూపగలిగిన కళ జపానులో వర్ధిల్లింది. చైనాలో పుట్టి జపానులో పరిణతి పొందిన ఆ కళకు ‘బొన్సాయ్’ అని పేరు. జపాను భాషలో ‘బొన్’ అంటే పళ్లెం వంటి పాత్ర. ‘సాయ్’ అంటే నాటడం. ఒకే పాత్రలో పెక్కు వృక్షాలను నాటి వనంగా తీర్చే పద్ధతిని ‘యోసె-ఉయే’ అంటారు. ‘కూర్చి నాటడం’ అని దాని అర్థం.

ఇటువంటి వనాన్ని చూసినవారికి అది ఒక్కనాటి కూర్పుగా తోచవచ్చు. నిజానికి మొక్కలను పళ్లెంలో అమర్చడం ఒక పూట పని. ఆ అమరికకు తగిన మొక్కలను పెంచడం మాత్రం ఏళ్ల తరబడి సాగే సాధన. కాబట్టి ఈ కళలోని ప్రావీణ్యం నాటడంలో కంటె పెంచడంలోనే ఎక్కువగా వ్యక్తమవుతుంది.

మొదటి మెట్టు మొక్కల ఎంపిక. వనంలోని చెట్లన్నీ సాధారణంగా ఒకే జాతికి చెంది ఉంటాయి. జపానులో మేపుల్, జెల్కోవా, బీచ్, స్ప్రూస్ వంటి జాతులను ఇందుకు వాడతారు. ఒకే చెట్టు విత్తనాల నుండి మొలిచినప్పటికీ మేపుల్ మొక్కలన్నీ ఒకే తీరుగా ఉండవు. ఒకటి ముందుగా చిగురిస్తే మరొకటి ఆలస్యంగా చిగురిస్తుంది. ఆకురాలే కాలంలో ఒకటి ఎర్రబారితే మరొకటి పసుపుబారుతుంది. వనమంతా ఒకేసారి చిగురించాలని కోరేవారు ఒకే చెట్టునుండి కోసిన కొమ్మలను నాటి మొక్కలు చేస్తారు. సహజవనంలోని వైవిధ్యాన్ని కోరేవారు విత్తనాలనే ఆశ్రయిస్తారు. ఏడు చెట్ల వనానికి ఏడు మొక్కలే పెంచితే చాలదు. అంతకు మించి పెంచినప్పుడే తగినవాటిని ఎంచుకొనే వీలుంటుంది.

రెండవది వేళ్ల సవరణ. విత్తనం నుండి మొలిచిన మొక్క తల్లివేరును నిలువుగా భూమిలోకి దింపుతుంది. లోతు తక్కువైన పళ్లెంలో దానికి చోటుండదు. అందుచేత మొక్క లేతగా ఉన్నప్పుడే తల్లివేరును కత్తిరించి, పక్కవేళ్లు నలుదిక్కులా చదునుగా వ్యాపించేటట్లు చేస్తారు. కొన్నేళ్లకొకసారి, వసంతారంభంలో, మొగ్గలు విచ్చుకోకముందే మొక్కను వెలికితీసి వేళ్లను సవరించి తిరిగి నాటుతారు. వేళ్లు చదునుగా ఉంటేనే మొక్కలను దగ్గర దగ్గరగా చేర్చడం సాధ్యమవుతుంది.

మూడవది, అన్నిటికంటె సూక్ష్మమైనది, మొక్కలన్నిటినీ ఒకే మూసలో పెంచకపోవడం. ఒకే లావు, ఒకే ఎత్తు గల చెట్లు వరుసగా నిలిస్తే అది కంచె అవుతుందే కాని అడవి కాదు. అందువల్ల పెంపకందారు కొన్ని మొక్కలను నేలలో నాటి స్వేచ్ఛగా ఎదగనిస్తాడు. అవి త్వరగా లావెక్కుతాయి. ప్రధానవృక్షం కాదగిన మొక్కకు కిందికొమ్మ నొకదానిని తుంచకుండా కొన్నేళ్లు పెరగనిస్తాడు. ఆ కొమ్మ ఆకులు సమకూర్చే ఆహారంతో దాని దిగువ భాగంలో కాండం బలుస్తుంది. ఆ పని నెరవేరిన తరువాత కొమ్మను తొలగిస్తాడు. మరికొన్ని మొక్కలను చిన్న కుండీలలో ఉంచి సన్నగానే నిలుపుతాడు. ఇంకొన్నిటిని చేరువ చేరువగా నాటుతాడు. అవి వెలుగు కోసం పోటీపడి నిటారుగా సాగుతాయి. నీడలో పడిన కిందికొమ్మలు ఎండి రాలిపోతాయి. అడవి నడుమ నిలిచే చెట్టు రూపం అదే కదా!

ఒంటరిగా నిలిచే బొన్సాయ్‌కి పలు దిక్కులా కొమ్మలు పొందికగా ఉండాలి. ఒకవైపే కొమ్మలున్న మొక్కను, బక్కపలుచగా సాగిన మొక్కను అక్కడ లోపం గలవిగా ఎంచుతారు. వనంలో ఆ లోపమే యోగ్యతగా మారుతుంది. ఒకవైపు కొమ్మలున్నది అంచున నిలిచి వెలుగువైపు చేతులు చాచినట్లుంటుంది. బక్కపలుచనిది వెనుక నిలిచి దూరాన్ని స్ఫురింపజేస్తుంది. తానొక్కటిగా రాణించలేని మొక్క పదింటితో కలిసి తన చోటును తాను కనుగొంటుంది.

నాటే వేళ అందరికంటె ముందు పెద్ద చెట్టుకు స్థానం నిర్ణయిస్తారు. దానిని సరిగ్గా నడుమ గాక కొంచెం పక్కగా నిలుపుతారు. మిగిలిన చెట్లను దాని చుట్టూ, ఏ మూడూ ఒకే వరుసలోకి రాకుండా అమరుస్తారు. చెట్ల సంఖ్య తక్కువైనప్పుడు మూడు, అయిదు, ఏడు వంటి బేసిసంఖ్యలకే మొగ్గు చూపుతారు.

ఈ సాధనకు చక్కని నిదర్శనం ‘గోషిన్’ అనే వనం. దానిని రూపొందించినవారు జాన్ నాకా (1914-2004). ఆయన అమెరికాలోని కొలరాడోలో జపాను సంతతి కుటుంబంలో జన్మించి, బాల్యంలో కొంతకాలం జపానులో పెరిగి, తిరిగి అమెరికా చేరినవారు. 1948లో ఆయన రెండు జూనిపర్ మొక్కలను తీర్చిదిద్దడం ఆరంభించారు. కాలక్రమంలో వాటికి మరికొన్ని తోడయ్యాయి. మనుమల సంఖ్యతోపాటు చెట్ల సంఖ్యా పెరిగి పదకొండుకు చేరింది. ఒక్కొక్క చెట్టు ఆ పదకొండుమందిలో ఒక్కొక్కరికి ప్రతీక. ‘గోషిన్’ అంటే ‘ఆత్మను రక్షించేది’ అని అర్థం. 1984లో, అంటే తొలి మొక్కలను చేపట్టిన 36 ఏళ్లకు, ఆయన ఆ వనాన్ని జాతికి కానుకగా సమర్పించారు. వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ వృక్షోద్యానంలో దానికి స్థానం లభించింది. పెంచిన తాత గతించినా పదకొండు చెట్లూ పచ్చగా నిలిచాయి.

నాటడంతో బాధ్యత ముగియదు. పళ్లెంలోని మట్టి కొద్దిపాటిది. మండువేసవిలో ఒక్కరోజు నీరు మరచినా ఏళ్ల శ్రమ వృథా కావచ్చు. లోపలి కొమ్మలకు వెలుతురు అందేటట్లు పైకొమ్మలను ఎప్పటికప్పుడు కత్తిరిస్తూ ఉండాలి. ఇలా కొన్నేళ్లు గడిచేసరికి మట్టిలో చెట్లన్నిటి వేళ్లు ఒకదానితో ఒకటి పెనవేసుకొని చాపవలె అల్లుకుపోతాయి. ఆ తరువాత మట్టి మార్చవలసి వచ్చినప్పుడు చెట్లను విడదీయరు. వనాన్నంతటినీ ఒక్కటిగానే పైకెత్తుతారు. పైన ఏ చెట్టు ఎత్తు దానిది, ఏ చెట్టు వంపు దానిది. అడుగున మాత్రం అన్నిటికీ వేరు ఒక్కటే.

ప్రశ్నలు

1. ‘యోసె-ఉయే’ పద్ధతికి మొక్కలను సిద్ధం చేసే విధానాన్ని వివరించండి.
2. “వనంలో ఆ లోపమే యోగ్యతగా మారుతుంది” – ఈ వాక్యాన్ని సమర్థించండి.
3. ‘గోషిన్’ వనం విశిష్టతను తెలపండి.