మాట నేర్చిన వైద్యుడు

గట్టున కూర్చుని ఈత నేర్చినవాడు లేడు. నీటిలోకి దిగాలి, నాలుగు గుక్కలు మింగాలి. పరాయి భాష నేర్వడమూ ఇటువంటిదే. పుస్తకం దారి చూపుతుంది కాని, ఆ భాష మాట్లాడేవారితో కలిసి మెలిసి తిరగనిదే నోరు తిరగదు. డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ జీవితం ఇందుకు చక్కని నిదర్శనం.

కోట్నీస్ 1910 అక్టోబరు 10న మహారాష్ట్రలోని షోలాపూరులో జన్మించారు. తెలుగు నేత కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన పట్టణమది. ఆయన బొంబాయిలో వైద్యవిద్య అభ్యసించారు. 1937లో జపాను చైనాపై దండెత్తింది. క్షతగాత్రులకు చికిత్స చేసే వైద్యులు అక్కడ చాలినంత మంది లేరు. చైనా సేనాని జూ డే సహాయం కోరుతూ నెహ్రూకు లేఖ రాశారు. భారత జాతీయ కాంగ్రెసు అయిదుగురు వైద్యుల బృందాన్ని పంపింది. 1938 సెప్టెంబరులో వారు బొంబాయిలో ఓడ ఎక్కారు. కోట్నీస్ వారిలో ఒకరు.

ఆ అయిదుగురూ తమలో తాము ఇంగ్లీషులో మాట్లాడుకోగలరు. రోగులతో మాట్లాడవలసి వస్తే దుబాసీ సాయం ఉంటుంది. పైకి ఏ ఇబ్బందీ లేని ఏర్పాటే. కాని గాయపడిన సైనికుడు తన బాధ చెప్పుకోవాలంటే నడుమ మరొకరు ఉండవలసిందే. దుబాసీ లేని వేళ నొప్పి ఎక్కడో, ఎప్పటి నుండో వైద్యునికి ఎలా తెలుస్తుంది? కోట్నీస్ చైనా భాష నేర్వడానికి పూనుకున్నారు.

అది సులభమైన పని కాదు. చైనా లిపిలో మనకున్నటువంటి అక్షరమాల లేదు. వేలకొద్దీ గుర్తులను జ్ఞాపకం ఉంచుకోవాలి. ఉచ్చారణ మరీ కష్టం. స్వరం మారితే అర్థం మారిపోతుంది. 'మై' అనే మాటను స్వరం దించి మళ్ళీ ఎత్తి పలికితే 'కొను' అని అర్థం. ఒక్కసారిగా కిందికి దించి పలికితే 'అమ్ము' అని అర్థం! పలికినది తప్పో ఒప్పో వినేవారే చెప్పాలి. నవ్వుతారేమోనని నోరు మెదపనివారికి ఆ భాష ఎన్నటికీ పట్టుబడదు.

1939లో ఆయన యెనాన్ చేరారు. తరువాత ఉత్తర చైనాలోని కొండ ప్రాంతాల యుద్ధరంగానికి వెళ్ళారు. తోటి వైద్యులలో ముగ్గురు స్వదేశానికి తిరిగి వచ్చినా ఆయన అక్కడే ఉండిపోయారు. 1941లో బెత్యూన్ అంతర్జాతీయ శాంతి వైద్యశాలకు అధిపతి అయ్యారు. అప్పటికి ఆయనకు చైనా భాషలో చదవడం, రాయడం కూడా వచ్చు. వైద్య విద్యార్థులకు ఆ భాషలోనే పాఠాలు చెప్పారు. శస్త్రచికిత్సపై ఆ భాషలోనే పాఠ్యగ్రంథం రాశారు. చైనీయులకు ఆయన 'కె దీహువా' అయ్యారు. 'హువా' అంటే చైనా.

అక్కడి నర్సు గువో చింగ్‌లాన్‌ను ఆయన వివాహం చేసుకున్నారు. వారి కుమారుని పేరు యిన్‌హువా. 'యిన్' అంటే భారతదేశం. రెండు దేశాలూ ఆ చిన్న పేరులో ఒదిగాయి. కాని ఆ శిశువుకు నాలుగు నెలలైనా నిండకముందే, 1942 డిసెంబరు 9న, కోట్నీస్ మూర్ఛవ్యాధితో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 32 సంవత్సరాలు. చైనాలోని షిజియాజువాంగ్ నగరంలో ఆయన స్మారకం ఉంది.

ఇంట తెలుగు, వీధిలో మరొక భాష వినే పిల్లలకు ఈ కథ కొత్తది కాదు. తల్లిభాషను విడువనక్కరలేదు, ఇరుగుపొరుగు భాషకు జంకనక్కరలేదు. తప్పు దిద్దించుకునే ఓర్పు ఉంటే చాలు, పరాయి మాట మన మాట అవుతుంది.

అర్థాలు
క్షతగాత్రులు : గాయపడినవారు
దుబాసీ : ఒకరి మాటను మరొకరికి వారి భాషలో చెప్పేవాడు
నిదర్శనం : ఉదాహరణ

ప్రశ్నలు
1. దుబాసీ ఉన్నప్పటికీ కోట్నీస్ చైనా భాష ఎందుకు నేర్చుకున్నారు?
2. చైనా భాషలో స్వరానికి గల ప్రాముఖ్యం ఏమిటి?
3. మీ ఊరి భాషలో ఒక దుకాణదారునితో మాట్లాడండి. ఆయన దిద్దిన మాటలను రాసుకుని, వాటి అర్థాలను తెలుగులో రాయండి.