తక్కువ ఎత్తు – ఎక్కువ ప్రమాదం

2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు మా సారపాకలో అందరి చూపూ ఒకసారి ఏటి వైపు, ఒకసారి ఆకాశం వైపు. 16వ తేదీన భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. మరునాడు అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు హెలికాప్టరులో వరద చూస్తారన్నారు. వాతావరణం అనుకూలించక రోడ్డు మీదుగానే వచ్చారు. "మబ్బు పైనుంటే కింద నుంచి రావచ్చు గదా! చెట్ల మీదుగా వస్తే ఏమైతది?" అన్నాడు మా నాయన. చేను మునిగిన రైతు మాట అది. అప్పుడు ఇంటర్ చదువుతున్న నాకూ అది న్యాయంగానే తోచింది. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివాక గాని జవాబు దొరకలేదు.

చిన్నప్పుడు తాటాకు పంకాను తుమ్మముల్లుకు గుచ్చి పరుగెత్తని వాళ్ళు మనలో ఎవరున్నారు? పరుగెత్తినంతసేపు గాలి దాన్ని తిప్పుతుంది. హెలికాప్టరు ఇంజను ఆగినా అంతే. పైలట్ వెంటనే రెక్కల వాలు తగ్గిస్తాడు. దిగుతున్నకొద్దీ కింద నుంచి వచ్చే గాలి రెక్కలను తిప్పుతూనే ఉంటుంది. నేల దగ్గరికొచ్చాక వాలు పెంచి, ఆ తిరుగుడులోని శక్తితో మెల్లగా దించుతాడు. దీన్నే ఆటోరొటేషన్ అంటారు. అయితే దీనికి తగినంత ఎత్తైనా ఉండాలి, ముందుకు వేగమైనా ఉండాలి. రెండూ లేకపోతే పంకాకు పరుగే లేదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. గాలి నిరోధాన్ని వదిలేస్తే, 200 అడుగుల నుంచి పడే వస్తువు మూడున్నర సెకన్లలో నేలను తాకుతుంది. హెలికాప్టరు రాయిలా పడదు, నిజమే. కాని ఏం జరిగిందో గ్రహించడానికే ఒకటి రెండు సెకన్లు పోతాయి.

తర్వాతది కరెంటు తీగలు. పై నుంచి చూస్తే టవర్లు కనిపిస్తాయి గాని తీగలు అడవి రంగులో కలిసిపోతాయి. గంటకు 180 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 50 మీటర్లు. తీగ 100 మీటర్ల దూరంలో కనబడితే మిగిలేది రెండే సెకన్లు! అందుకే కొన్నిచోట్ల తీగలకు రంగు బంతులు కడతారు. ఇక కదలని నీటి మీద ఎగిరేటప్పుడు ఎంత ఎత్తులో ఉన్నదీ కంటికి అందదు.

తెలుగువాళ్ళం రెండు ప్రమాదాలను మరువలేము. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర చేపల చెరువులో హెలికాప్టరు కూలి లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి గారు మరణించారు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో బెల్ 430 కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారితో పాటు మొత్తం ఐదుగురు పోయారు. ఆ హెలికాప్టరు తక్కువ ఎత్తులో ఏమీ పోవడం లేదు. చెడు వాతావరణంలో బలమైన గాలి దాన్ని కిందికి తోసిందని విచారణలో తేలింది. ఎత్తున్న దానికే ఆ గతి పడితే, చెట్ల మీద పోయేదాని సంగతి చెప్పేదేముంది?

మొన్న సెలవుల్లో గట్టు మీద కూర్చుని ఇదంతా నాయనకు చెప్పాను. "అట్లయితే ఎత్తంటే గాదెలో గింజలన్నట్టు. కరువొస్తే అక్కరకొస్తయి" అన్నాడు. నా పాఠాన్ని ఒక్క మాటలో తేల్చేశాడు.

మిత్రులారా! మళ్ళీ వరదొస్తే మనలో కొందరం సహాయానికి వెళ్తాం. హెలికాప్టరు రాలేదని, కిందికి దిగలేదని జనం కేకలు వేస్తుంటే పైలట్‌కు పిరికితనం అంటగట్టకుండా, కారణం వాళ్ళకు విడమరిచి చెబుదాం. ఎదురుచూసేవాళ్ళ ప్రాణం ఎంత విలువైనదో, వచ్చేవాళ్ళదీ అంతే.