తడ నుంచి హార్స్‌లీ హిల్స్‌కు: ఒక్క రోజులో తిరిగి రావచ్చా?

ప్రశ్న: జనవరిలో అమ్మానాన్నలతో, పిల్లలతో తడ నుంచి హార్స్‌లీ హిల్స్‌కు కారులో వెళ్లాలనుంది. దారి ఎలా వేసుకోవాలి?

జవాబు: ఒక్క రోజులో ముగించాలనుకుంటే చూసేది కొండలు కాదు, కిలోమీటరు రాళ్లు. పెద్దవాళ్లుంటే మూడు రోజులు తీరిగ్గా సరిపోతాయి.

తడ దగ్గరే పులికాట్ సరస్సు ఉంది. చలికాలంలో రాజహంసలు వచ్చేదీ అక్కడికే. పొద్దున్నే వాటిని చూసి, వరదయ్యపాళెం మీదుగా శ్రీకాళహస్తి చేరి, రాత్రికి తిరుపతిలో ఆగడం మేలు.

రెండో రోజు భాకరాపేట ఘాట్‌ను పగలే దాటాలి. 2022 మార్చిలో రాత్రివేళ బస్సు లోయలో పడింది ఇక్కడే. దిగేటప్పుడు ఊరికే బ్రేకు తొక్కుతూ ఉంటే అది వేడెక్కి పట్టు సడలుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలి. న్యూట్రల్ మాటే తలవకూడదు.

దారి మళ్లి తలకోన వెళ్తే 270 అడుగుల జలపాతం. కోతులుంటాయి, తినుబండారాల సంచి కారులోనే ఉండాలి.

పీలేరు, వాయల్పాడు, మదనపల్లె దాటితే నాలుగు వేల అడుగులు మించిన హార్స్‌లీ హిల్స్. పైన చలి ఎక్కువ, స్వెట్టర్లు తప్పనిసరి. గదులు ముందే బుక్ చేసుకోవాలి.