చదరంగపు గడుల సంఖ్య

చదరంగపు బల్లకు 64 గడులు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టించుచు పోయినచో మొత్తమెంత యగును? మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన దీని సమాధానమును ఒక్క పద్యములో నిమిడ్చెనని ప్రసిద్ధి. ఆ సంఖ్య యిది: 18446744073709551615.

పద్యములో అంకెలు లేవు, మాటలే కలవు. చంద్రుడనిన ఒకటి, వేదములనిన నాలుగు, పర్వతములనిన ఏడు, ఆకాశమనిన సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమకు వ్రాసికొనుచు పోవలెను. ఇరువది అంకెలలో ఒక్కటియు తప్పలేదు!

మన ధర్మపురి ప్రాంతమున పండు రాగులనే తీసికొందము. గ్రాముకు సుమారు 400 గింజలు తూగుననుకొన్నచో, గడులలోని రాగులు 4600 కోట్ల టన్నులు దాటును. ప్రపంచమంతట ఏటేట పండు ధాన్యము సుమారు 300 కోట్ల టన్నులే. ఇక మోయుటకు బండ్లెక్కడివి?

మొత్తమునకు ఇంకొక గింజ చేర్చి చూడుడు. అది మొదటి గడిలోని ఒకటితో కలిసి రెండగును. ఆ రెండు రెండవ గడిలోని రెంటితో కలిసి నాలుగగును. ఇట్లే కడవరకు పోగా 2 యొక్క 64వ ఘాతము వచ్చును. మన సంఖ్య దానికి ఒకటి తక్కువ. నేటి కంప్యూటరు 64 ద్విసంఖ్యాంకములతో వ్రాయగల మిక్కిలి పెద్ద పూర్ణసంఖ్యయు నిదియే.

ఇది బేసి సంఖ్య. చివర 5 ఉన్నందున 5చే భాగింపబడును. అంకెల మొత్తము 87. కావున 3చే భాగింపబడును గాని 9చే కాదు. తక్కిన కారణాంకములకు మీరు తరగతిలో నేర్చిన సూత్రమే చాలును: రెండు వర్గముల భేదము, వాని మూలముల మొత్తమును భేదముచే గుణించిన లబ్ధమునకు సమము. 2 యొక్క 64వ ఘాతము 4294967296 యొక్క వర్గము. ఒకటి ఒకటి యొక్క వర్గము. సూత్రమును మరల మరల ప్రయోగింపగా 3, 5, 17, 257, 65537, 4294967297 అను ఆరు కారణాంకములు తేలును.

మొదటి అయిదును ప్రధాన సంఖ్యలు. ఆరవదియు అట్టిదే యని 17వ శతాబ్దిలో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మెను. 1732లో ఆయిలరు అది 641, 6700417 ల లబ్ధమని చూపెను. ఇవి రెండును ప్రధాన సంఖ్యలే. కావున మల్లన సంఖ్యకు వేర్వేరు ప్రధాన కారణాంకములు ఏడు. భాజకములు 2 యొక్క 7వ ఘాతము, అనగా 128. సంఖ్యను విడిచి తక్కిన భాజకములన్నియు కూడినను సంఖ్యకు తక్కువే యగును. ఇట్టిదానిని ఊన సంఖ్య యందురు.

641 ఎట్లు దొరకెను? 4294967297ను భాగించు ప్రధాన సంఖ్య యేదైనను 64 యొక్క గుణిజమునకు ఒకటి చేర్చగా వచ్చునదే యగునని ఆయిలరు నిరూపించెను. అట్టివి వరుసగా 193, 257, 449, 577, 641. కాగితము తీసికొని భాగించి చూడుడు. అయిదవసారి శేషము సున్న.