గదియు గానమును: ఇంటి సంగీతమునకు ఈక్వలైజరు నమర్చు విధము



మన యిండ్లలో పాటల పెట్టె యిప్పుడు కానరాదు. ఫోనునుండియో, మూలనున్న చిన్న కంప్యూటరునుండియో గానము స్పీకరులకు ప్రవహించి వచ్చుచున్నది. అయినను, ఎంత సొమ్ము వెచ్చించి మంచి స్పీకరులను కొనినను, కొన్ని యిండ్లలో మృదంగధ్వని బుంగలో మాటాడినట్లు మ్రోయును. పాటలోని మాటలు తెలియకుండును. మాటలు తెలియవని పెద్దలు ధ్వనిని పెంచుమందురు. పెంచినకొలది మ్రోత పెరుగునే కాని మాట తేటపడదు. ప్రక్కగదిలో చదువుకొను బాలుడు చెవులు మూసికొనును. ఇట్టి తగవును తీర్చుటకు ఈక్వలైజరు అను సాఫ్టువేరు మిక్కిలి యుపకరించును గాన, దానినమర్చు విధమును ఇచ్చట వివరింపనెంచితిమి.

మొదట తప్పు ఎవరిదో తెలిసికొనవలయును. అనేకులు స్పీకరులను నిందింతురు. నిజమునకు మూడువంతులు నేరము గదిదే. మ్రోగుచున్న శ్రుతిదండమును గాలిగొట్టముపై బట్టి, నీటిమట్టమును మార్చుచు పోయినచో, ఒకానొక యెత్తున ధ్వని ఒక్కసారిగా బిగ్గరయగుట మీరు ప్రయోగశాలలో చూచియుందురు. అదియే అనునాదము. గది కూడ నట్టి గొట్టమే. ఎదురెదురుగా నున్న రెండు గోడల నడుమ ధ్వనితరంగము తిరిగి తిరిగి తగిలి, సగము తరంగదైర్ఘ్యము గది పొడవునకు సరిపడిన చోట స్థిరతరంగమై నిలుచును. లెక్క సులభము: ధ్వనివేగమును గది పొడవునకు రెండింతలచే భాగింపుడు. మన ప్రాంతపు వేడిగాలిలో ధ్వనివేగము సెకనుకు సుమారు 350 మీటరులు.

మేమెరిగిన యొక యింటి హాలు 5 మీటరుల పొడవు, మూడున్నర మీటరుల వెడల్పు, 3 మీటరుల యెత్తు గలది. పొడవువలన 35 హెర్ట్జులయొద్దను, వెడల్పువలన 50 యొద్దను, ఎత్తువలన 58 యొద్దను అనునాదము కలుగవలెను. వీని గుణకములును మ్రోగును. కావున పొడవువలననే 70 యొద్ద మరియొకటి వచ్చును. ఇచ్చటనే చిక్కు. పురుషగాయకులు పలువురు ఒకటిన్నర శ్రుతిలో పాడుదురు. ఆ షడ్జము సుమారు 138 హెర్ట్జులు. తంబురాలోని మందరపు తీగ దానికి క్రింది స్థాయిలో 69 యొద్ద పలుకును. అనగా తంబురా మీటినప్పుడెల్ల ఆ హాలు తానును గొంతు కలుపుచుండెనన్నమాట!

ఆ యింటి పెద్దావిడ వృద్ధురాలు. కీర్తన సాహిత్యము తెలియుట లేదని ఆమె బాధపడెడిది. దీనికి శాస్త్రము కలదు. క్రిందిస్థాయి ధ్వనులు పైస్థాయి ధ్వనులను కప్పివేసినంతగా, పైవి క్రిందివానిని కప్పజాలవు. మాటలో అచ్చులు బలమైనవి, హల్లులు బలహీనమైనవి. అయినను కాల, పాల, బాల యను మాటల భేదమును తెలుపునవి హల్లులే. వాని గుర్తులలో ముఖ్యభాగము 2000 మొదలు 4000 హెర్ట్జుల మధ్యను, కొంత అంతకు పైనను ఉండును. వయసు మీరినకొలది చెవి మొట్టమొదట పోగొట్టుకొనునది పైస్థాయి వినికిడినే. కాబట్టి గది మ్రోత పిల్లలకు చిరాకు మాత్రమే. వృద్ధులకో, పాట పోయినట్లే.

సాఫ్టువేరు జోలికి పోకముందే చేయదగిన పని కలదు. స్పీకరులు గది మూలలందున్నచో అన్ని అనునాదములును ఒక్కసారి మేలుకొనును. వానిని ఇవతలకు జరుపవలెను. వెనుకగోడకానుకొని కూర్చుండువారికి మ్రోత హెచ్చు. పైన చెప్పిన హాలులో సోఫాను రెండు మూరలు ముందుకు జరుపగా 70 హెర్ట్జుల మ్రోత బాగుగా తగ్గెను గాని, అది దారికడ్డమని యింటివారు సమ్మతింపలేదు. సంసారులకు నడుచు దారియు ముఖ్యమే గదా! తెరలు కట్టినచో సరిపోవునని కొందరందురు. తెరలు పైస్థాయి ధ్వనులను మ్రింగును. ఇంత పెద్ద తరంగమును అవి యాపలేవు.

ఇక ఈక్వలైజరును ఎచ్చట పెట్టవలెనను ప్రశ్న. పాలేటిని తడుపవలసిన నీరు ఒక కాలువలో పారుచుండగా, మరియొక కాలువకు తలుపు బిగించినవాని కథ వినియుందురు. ఇచ్చటను అదే జరుగుచుండును. ఫోనునుండి నెట్‌వర్కు స్పీకరునకు పాటను పంపినప్పుడు చాలసార్లు ఫోను ఆజ్ఞ మాత్రమే యిచ్చును. పాటను స్పీకరు తనంతట తాను అంతర్జాలమునుండి తెచ్చుకొనును. అట్టిచో ఫోనులో పెట్టిన ఈక్వలైజరు నిష్ఫలము. గానము ఏ యంత్రముగుండ నిజముగా పారునో ఆ యంత్రముననే అమర్చవలెను.

విండోసు కంప్యూటరునుండి వినువారికి ఈక్వలైజర్ ఏపీవో అను ఉచిత సాఫ్టువేరు కలదు. దానిని స్థాపించునప్పుడు ఏ ధ్వనిద్వారమునకు వర్తింపవలెనో గుర్తుపెట్టి, కంప్యూటరును మరల ప్రారంభింపవలెను. సంగీతపు ప్రోగ్రాము ధ్వనిద్వారమును ఏకాధికారముగా, అనగా ఎక్స్‌క్లూజివ్ పద్ధతిలో, వాడుకొనుచున్నచో ఈ సాఫ్టువేరు ప్రక్కకు తప్పింపబడును. ఎంత సవరించినను మార్పు వినబడలేదని వాపోవువారు మొదట దీనిని పరీక్షింపవలయును. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరుతో సంగీతము వినువారికి కామిల్లా డీఎస్పీ తగినది. మూడ్ ఆడియో అను సంగీత వ్యవస్థలో అది ముందే చేర్చబడియున్నది.

పిమ్మట కొలత. చెవితో ఊహించి మీటలు త్రిప్పుట, జ్వరమును చేతితో చూచి మందు పోయుటవంటిది. రూమ్ ఈక్యూ విజార్డు అను ఉచిత సాఫ్టువేరు 20 మొదలు 20,000 హెర్ట్జులవరకు ఎక్కుచుపోవు నొక దీర్ఘస్వరమును స్పీకరుచే పలికించి, మైకుతో విని, పటమును గీయును. ఇట్టి ఎక్కుడుస్వరముతో కొలుచు పద్ధతిని ఇటలీ దేశీయుడైన ఆంజెలో ఫరీనా 2000వ సంవత్సరమున ప్రకటించెను. మైకు కొలతకై చేయబడినదిగా నుండవలెను. దానితో వచ్చు సవరణ ఫైలును తప్పక చేర్చవలెను. ఒక్కచోట కొలిచి ఊరకుండరాదు. కూర్చుండువారి తలలుండు నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయవలెను. ఈ స్వరము ఎక్కునప్పుడు బీరువా తలుపో, అలమరలోని స్టీలు పళ్లెములో గడగడలాడుట వినబడును. దానికి సాఫ్టువేరు మందు కాదు. పళ్లెముల నడుమ కాగితము పెట్టిన చాలును.

ఆ హాలు పటములో 70 హెర్ట్జులయొద్ద 9 డెసిబెల్ల కొండయు, 50 యొద్ద 5 డెసిబెల్ల గుట్టయు, 85 యొద్ద 12 డెసిబెల్ల గోతియు కనబడెను. సాధారణపు పది మీటల ఈక్వలైజరులో 63 హెర్ట్జులకొకటి, 125కు ఒకటి మాత్రమే మీటలుండును. 63 మీటను దించినచో, కొండతో కూడ దాని చుట్టునున్న పొలమంతయు త్రవ్వినట్లగును. కావున పారామెట్రిక్ ఈక్వలైజరు కావలెను. ఈ పేరుతో అమెరికాకు చెందిన జార్జి మాసెన్‌బర్గు 1972లో ఆడియో ఇంజనీరింగు సొసైటీ సమావేశమున పత్రము సమర్పించెను. దీనిలో ప్రతి సవరణకును మూడు సంఖ్యలు: ఎచ్చట, ఎంత, ఎంత యిరుకుగా. మూడవదానిని క్యూ అందురు. పౌనఃపున్యమును క్యూచే భాగించిన సవరణ వెడల్పు సుమారుగా వచ్చును. 70 యొద్ద 8 డెసిబెల్లు తగ్గింపు, క్యూ 7 అని వ్రాసినచో, సుమారు 10 హెర్ట్జుల మేర మాత్రమే తగ్గును. 50 యొద్ద 5 డెసిబెల్లు, క్యూ 6 అని మరియొక పంక్తి.

మరి 85 యొద్దనున్న గోతి? దానిని పూడ్చరాదు. ఈ మాట మీరు గట్టిగా గుర్తుంచుకొనవలెను. అచ్చట స్పీకరునుండి వచ్చిన తరంగమును గోడనుండి మరలిన తరంగము రద్దు చేయుచున్నది. అయిదునకు ఋణ అయిదు చేర్చిన సున్న. పదికి ఋణ పది చేర్చినను సున్నయే. 12 డెసిబెల్లు పెంచుటకు యాంప్లిఫయరు సుమారు పదునారింతల శక్తి నీయవలెను. ఆ శ్రమ యంతయు స్పీకరును వేడెక్కించుటకే పోవును. అట్లే 200 హెర్ట్జులకు పైన పటమున కనబడు సన్నని పండ్లను ఒక్కొక్కటిగా దువ్వబోవుటయు వ్యర్థమే. ఈపాటి గదులలో ఆ హద్దు దాటిన పిదప తలను జానెడు కదలించినను పటము మారును.

పెద్దావిడకై మాత్రము 2500 యొద్ద 3 డెసిబెల్లు, క్యూ ఒకటిగా, వెడల్పుగా పెంచబడెను. ఇట్లు పెంచినప్పుడు ఒక జాగ్రత్త కలదు. డిజిటలు ధ్వని సంఖ్యలలో నుండును. ఆ సంఖ్యలకు పైకప్పు కలదు. పైకప్పును దాటిన తరంగపు శిరస్సు ఛేదింపబడి, ధ్వని బరబరలాడును. అందుచే ప్రీయాంప్ అనుచోట మొత్తము ధ్వనిని ముందుగనే 4 డెసిబెల్లు తగ్గించి వ్రాయవలెను. తగ్గిన బలమును యాంప్లిఫయరు మీటతో తిరిగి తెచ్చుకొనవచ్చును.

తుదకు పరీక్ష. సవరణతోను, సవరణ లేకయు ఒకే పాటను వినవలెను. కాని రెండును సమానమైన బిగ్గరగా నుండవలెను. బిగ్గరగా నున్నదే మంచిదని చెవి మోసపోవును. అంతేగాక, ధ్వని తగ్గినకొలది క్రిందిస్థాయి మన చెవికి మరింత తగ్గినట్లు తోచునని ఫ్లెచరు, మన్సను అనువారు 1933లోనే పటములు గీసి చూపిరి. అర్ధరాత్రి మెల్లగా వినుచు సవరించినవాడు పగలు బిగ్గరగా విన్నప్పుడు మరల బుంగ మ్రోతనే వినును.

ఆ హాలులో సవరణానంతరము ధ్వనిని పెంచవలసిన పని లేకపోయెను. మునుపటికంటె మీటను రెండు గుర్తులు దించియే వినుచున్నారు. ఇది చిన్న లాభము కాదు. వారమునకు 40 గంటలు వినునపుడు పెద్దలకు 80, పిల్లలకు 75 డెసిబెల్లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తలిదండ్రులు ఈ సంఖ్యలను గమనింతురుగాక. వృద్ధురాలికి ఇప్పుడు పల్లవియు అనుపల్లవియు స్పష్టముగా తెలియుచున్నవి. వేగముగా సాగు చరణములలో కొన్ని పదములు ఇంకను జారిపోవుచున్నవి. అంతకుమించి ఈక్వలైజరుతో పెంచబోయినచో ఇంటిలోని తక్కినవారికి ధ్వని గీచినట్లుండును. ఆ మిగిలిన పని వినికిడి వైద్యునిది.

సవరణ ఫైలునకు ఒక నకలు తీసి, తేదీ వేసి యుంచుడు. స్పీకరులను గాని, సోఫాను గాని కదల్చినచో మరల కొలువవలసియుండును.