పండుగ తగ్గింపు అమ్మకాలు: అప్పుతో సరుకు నింపే ముందు ఒక లెక్క

ఆషాఢ మాసంలో మనవారు వివాహాలు తలపెట్టరు. బట్టల బేరం మందగిస్తుంది. అప్పుడు మిగులు సరుకును ధర తగ్గించి అమ్మి నగదు చేసుకోవడమే ఆషాఢం తగ్గింపులోని కిటుకు. నేడు కొందరు వర్తకులు ఇందుకు విరుద్ధంగా, తగ్గింపు రోజుల కోసమే అప్పు తెచ్చి కొత్త సరుకు దించుకుంటున్నారు. మీరు అట్టి ఆలోచనలో ఉన్నట్లయితే ఈ పాఠాన్ని శ్రద్ధగా చదవండి.

అండమాన్ దీవులలోని తెలుగు వర్తకులకు ఈ జాగ్రత్త మరింత అవసరం. పూర్వపు పోర్టుబ్లెయర్, అనగా నేటి శ్రీ విజయపురంలోని అబర్డీన్ బజారుకు సరుకు చాలవరకు సముద్రం దాటి రావలసినదే. పండుగకు ఎంతో ముందుగా కొనాలి. ఓడ కిరాయి చెల్లించాలి. మిగిలినది తిప్పి పంపాలంటే మరల కిరాయే.

మరి కొనుగోలుదారు వెనుకటివలె ఆ ఒక్కరోజు కోసం వేచి ఉంటాడా? ఫ్లిప్‌కార్ట్ సంస్థ 2014 అక్టోబరు 6న ఒక్కరోజుగా ప్రారంభించిన భారీ అమ్మకం మరుసటి ఏటనే ఐదు రోజులైనది. అమెరికాలో వాల్‌మార్ట్ సంస్థ 2020 నుండి థాంక్స్‌గివింగ్ పండుగనాడు దుకాణాలు మూసివేసి, తగ్గింపులను పలు రోజులకు విస్తరించింది. 2020 ఆగస్టులో చెన్నై నుండి సముద్రగర్భ కేబుల్ వచ్చిన పిమ్మట దీవులవారికి కూడా ఫోనులో ధరలు పోల్చుకోవడం సులభమైనది. తగ్గింపు తరచుగా దొరికేటప్పుడు తొందర ఎవరికి?

ఒక ఉదాహరణ చూడండి. కిరాయితో కలిపి 1,00,000 రూపాయల సరుకును 12 శాతం వార్షిక వడ్డీపై తెచ్చారనుకుందాం. అమ్మకపు ధర 1,20,000. పది శాతం తగ్గింపు పోగా 1,08,000. నెలలో అంతా అమ్ముడైతే అసలు, వడ్డీ 1,01,000 పోను 7,000 మిగులుతుంది.

సగమే అమ్ముడైతే వచ్చేది 54,000. వడ్డీ 1,000 పోగా 53,000 అసలుకు జమ అవుతుంది, బాకీ 47,000. మిగిలిన సరుకును మరో ఐదు నెలలకు 30 శాతం తగ్గించి అమ్మితే 42,000 వస్తుంది. అప్పటికి వడ్డీతో బాకీ 49,350. అనగా 7,350 రూపాయల నష్టం. దుకాణం అద్దె దీనికి అదనం.

కావున ఈ నియమాలు పాటించండి.

1. గత మూడు పండుగలలో నిజంగా అమ్ముడైన సరుకును పుస్తకంలో చూచి, ఆ మేరకే తెప్పించండి.

2. పండుగ అమ్మకపు సొమ్మును వెంటనే రుణఖాతాకు జమ చేయండి.

3. సరుకు నిలిచిపోతే, వాయిదా తప్పక ముందే మేనేజరుకు తెలియజేయండి.

కొనుగోలుదారులకు కూడ ఒక మాట. వడ్డీ లేని వాయిదాలన్న ప్రకటనను నమ్మి తొందరపడకండి. ఇట్టి పథకాలలో వడ్డీ తరచుగా ఇతర రుసుము రూపంలో దాగి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించింది. రుసుముతో సహా కట్టవలసిన మొత్తాన్ని రొక్కపు ధరతో పోల్చి చూడండి.

పండుగ ఒక్కరోజులో ముగుస్తుంది. వాయిదా ప్రతి నెలా వస్తుంది.